యుద్ధకాలపు విమానాశ్రయాలూ – సినిమా కెమెరా

ఒక చలనచిత్రాన్ని విమర్శించవలసి వచ్చినప్పుడు మనం కథను చూస్తాం, నటనను చూస్తాం, దర్శకుని దృక్పథాన్ని చూస్తాం. చిత్రాన్ని ఎక్కడ తీశారన్న విషయం సాధారణంగా మన విమర్శకు అందదు. అదేదో నిర్మాత చూసుకోవలసిన ఖర్చుల వ్యవహారమని వదిలివేస్తాం. కాని స్థలానికి కూడా చరిత్ర ఉంటుంది. ఆ నేల ఎవరిది, దాన్ని ఎవరు తీసుకున్నారు, ఎవరు చదును చేశారు, ఎవరి మీద దాడికి అది ఉపయోగపడింది అన్న ప్రశ్నలన్నిటికీ జవాబులు ఉంటాయి. కెమెరా ఆ స్థలాన్ని తెరకెక్కించేటప్పుడు ఈ జవాబుల్లో కొన్నిటిని చూపి కొన్నిటిని మరుగుపరుస్తుంది. ఏది చూపింది, ఏది మరుగుపరిచింది అని అడగడం సాహిత్య విమర్శకు ఎంత అవసరమో చిత్ర విమర్శకూ అంతే అవసరం.

ఇందుకు రెండవ ప్రపంచయుద్ధకాలంలో కట్టిన విమానాశ్రయాలు మంచి నిదర్శనం. యుద్ధం ముగిశాక ఇవి వందల సంఖ్యలో పనిలేక మిగిలిపోయాయి. వాటిలో కొన్నిటికి సినిమా రెండవ జీవితాన్ని ఇచ్చింది. ఇంగ్లండులో ఆ జీవితం ఒక రకంగా నడిచింది, బెంగాలులో వేరొక రకంగా నడిచింది. ఆ తేడా యాదృచ్ఛికం కాదని చూపడానికే ఈ వ్యాసం.

1

ముందు ఇంగ్లండు సంగతి. 1939 – 45 సంవత్సరాల మధ్య బ్రిటన్‌లో 400కు పైగా కొత్త విమానాశ్రయాలు నిర్మించారు. పని ముమ్మరంగా సాగిన 1942లో సగటున మూడు రోజులకొక కొత్త విమానాశ్రయం చొప్పున మొదలైంది. బరువైన బాంబర్లకు పచ్చికబయలు చాలదు గనక కాంక్రీటు రన్‌వేలు కావలసివచ్చాయి. ప్రభుత్వం నిర్ణయించిన 'ఎ' తరగతి నమూనా ప్రకారం ఒక్కొక్క స్థావరంలో మూడు రన్‌వేలుండాలి. పెద్దది 6,000 అడుగులు, తక్కినవి రెండూ 4,200 అడుగుల చొప్పున. వీటి చుట్టూ మైళ్ల పొడవున మరొక బాట, ఆ బాట వెంట విమానాలు నిలపడానికి తావులు, వాటి వెనక బాంబుల నిల్వలు, పనివాళ్లకూ సైనికులకూ రేకుల షెడ్లు. ఈ ఒక్కొక్క స్థావరం వందల ఎకరాల భూమిని మింగింది.

ఆ భూమి ఎక్కడిది? అధికభాగం తూర్పు ఇంగ్లండులో, లింకన్‌షైరులో మంచి పంట పండే పొలాలు. 1939 నాటి అత్యవసర అధికారాల చట్టం కింద ప్రభుత్వం వాటిని స్వాధీనం చేసుకున్నది. ఫాసిజం తలుపు తడుతున్న సమయంలో ఈ చర్యను ఎవరూ ఆక్షేపించలేదు, ఆక్షేపించవలసిన పనీ లేదు. అయితే ఆ పొలాలను రన్‌వేలుగా మార్చిన చేతులు ఎవరివో మాత్రం గుర్తుంచుకోవాలి. అందులో బ్రిటిష్ కూలీలు ఉన్నారు. బతుకుతెరువు కోసం సముద్రం దాటి వచ్చిన ఐర్లండు కూలీలు ఉన్నారు. అమెరికా సైన్యపు ఇంజనీరు దళాలు ఉన్నాయి. సఫోక్ ప్రాంతంలో 'ఐ' అనే ఊరి దగ్గర బాంబర్ల స్థావరాన్ని కట్టినవి నల్లజాతి సైనికుల దళాలు. అప్పటి అమెరికా సైన్యంలో నల్లవారికి వేరు దళం, వేరు భోజనశాల, వేరు బస. ఎక్కువమంది చేతికి తుపాకీ బదులు పారను ఇచ్చేవారు. జాతివివక్షను సిద్ధాంతంగా చేసుకున్న హిట్లరు మీద యుద్ధానికి, జాతివివక్షను ఆచరిస్తున్న సైన్యం ఆ విధంగా రన్‌వేలు వేయించింది.

యుద్ధం ముగిసింది. రన్‌వేలు మిగిలాయి, షెడ్లు మిగిలాయి. మరొకవైపు బాంబుదాడుల్లో ఇళ్లు కోల్పోయినవాళ్లు, సైన్యం నుంచి తిరిగివచ్చి తలదాచుకోవడానికి చోటు లేనివాళ్లు లక్షల్లో ఉన్నారు. 1946 వేసవిలో ఇంగ్లండులో ఒక విచిత్రమైన ఉద్యమం మొదలైంది. స్కంథార్ప్ అనే ఊళ్లో ఒక సినిమాహాలు ప్రొజెక్టరు ఆపరేటరు, ఇల్లు దొరక్క భార్యాపిల్లలతో ఆ హాలులోనే కాపురముంటున్నవాడు, ఖాళీగా పడివున్న సైనిక శిబిరంలోకి సంసారాన్ని మార్చాడు. అతన్ని చూసి తక్కిన కుటుంబాలు కదిలాయి. అక్టోబరు నాటికి ఇంగ్లండు, వేల్సులలో వెయ్యికి పైగా శిబిరాలలో దాదాపు 40,000 మంది ఈ విధంగా ప్రవేశించారు. వాటిలో వైమానిక స్థావరాల షెడ్లూ ఉన్నాయి. ఆ సెప్టెంబరులో లండన్ నగరం నడిబొడ్డున ఖాళీ భవంతుల్లోకి ఇల్లు లేనివారిని నడిపించినది కమ్యూనిస్టు పార్టీ.

సినిమాహాలులో బొమ్మ వేసే మనిషి ఇల్లు లేక సైనిక శిబిరంలో చేరిన సంవత్సరాలకు అటూ ఇటూగానే, అటువంటి స్థావరాలను తెరమీద చూపే పెద్ద చిత్రాలు మొదలవుతున్నాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే తప్ప ఆ చిత్రాల స్వభావం బోధపడదు.

2

'ది వే టు ది స్టార్స్' (1945) చిత్రాన్ని ఆంథొనీ అస్క్విత్ తీశాడు. యుద్ధం ముగుస్తున్న రోజుల్లోనే విడుదలైన ఆ చిత్రం నిర్మానుష్యమైన విమానాశ్రయంతో మొదలవుతుంది. కెమెరా ఖాళీ గదులను, గోడమీద గీతలను, మిగిలిన వస్తువులను చూస్తూ పోతుంది. తర్వాత కథ 1940కి వెనక్కు పోతుంది. నాలుగేళ్ల తర్వాత హెన్రీ కింగ్ హాలీవుడ్‌లో తీసిన 'ట్వెల్వ్ ఓ క్లాక్ హై' (1949) ఇదే పద్ధతిని అనుసరించింది. యుద్ధంలో పనిచేసిన ఒక మాజీ అధికారి సైకిలెక్కి తన పాత స్థావరానికి వస్తాడు. రన్‌వే పగుళ్లలో గడ్డి మొలిచింది. అతను నిలబడి చూస్తూండగా చెవిలో ఇంజన్ల చప్పుడు మొదలవుతుంది, గడ్డి గాలికి వంగుతుంది, గతం వచ్చి నిలబడుతుంది.

ఈ దృశ్యాలు గొప్పవేనని ఒప్పుకోవాలి. చచ్చిపోయిన మిత్రులను తలుచుకునే మనిషి బాధను ఎగతాళి చెయ్యవలసిన పని అభ్యుదయవాదులకు లేదు. బ్రిటిష్ బాంబర్ కమాండులో ఎగిరిన వారు సుమారు 1,25,000 మంది. వారిలో 55,573 మంది చనిపోయారు. అధికసంఖ్యాకులు పాతికేళ్లు దాటనివాళ్లు. ఆ త్యాగం నిజమైనది. ఫాసిజం మీద గెలిచిన యుద్ధమూ న్యాయమైనదే.

కాని ఆ పాడుబడిన విమానాశ్రయం నిజంగా నిర్మానుష్యమేనా? అటువంటి స్థావరాలలో చాలాచోట్ల ఆ రోజుల్లో మనుషులున్నారు. రేకుల షెడ్లలో పొయ్యి రాజేసుకుని, తాళ్లకు బట్టలారేసుకుని, పిల్లలను పెంచుకుంటున్న కార్మిక కుటుంబాలున్నాయి. సినిమా వారిని తీసివేసింది. జ్ఞాపకానికి ఖాళీ స్థలం అవసరమైంది. ఖాళీ లేనిచోట దాన్ని కల్పించుకున్నది.

ఈ కల్పన ఎంతదాకా పోయిందో రెండో చిత్రం నిర్మాణచరిత్రే చెబుతుంది. కథ ప్రకారం ఆ స్థావరం ఇంగ్లండులోనిది. తెరమీద మనం చూసే స్థావరం అధికభాగం అమెరికాలోనిది. ఫ్లారిడాలో ఎగ్లిన్ వైమానిక స్థావరంలో ఒక ఇంగ్లీషు స్థావరపు నమూనాను కంట్రోల్ టవరుతో సహా కట్టారు. కాని అక్కడి రన్‌వే తెల్లగా ఉన్నది. యుద్ధకాలంలో ఇంగ్లండు రన్‌వేలు నల్లనివి. అందుకని విమానాలు ఎగిరే, దిగే దృశ్యాలకు అలబామా రాష్ట్రంలో ఓజార్క్ అనే మరొక యుద్ధకాలపు విమానాశ్రయాన్ని వాడుకున్నారు. గడ్డి మొలిచిన ఆ తొలి దృశ్యం అక్కడిదే. రన్‌వే రంగు తేడా రాకుండా అంత శ్రద్ధ తీసుకున్న చిత్రమిది. అది 1949. అలబామాలో నల్లవాడు బస్సులో ఎక్కడ కూర్చోవాలో చట్టం నిర్ణయిస్తున్న రోజులు. సైన్యంలో వివక్షను తొలగించాలన్న అమెరికా అధ్యక్షుని ఉత్తరువు వెలువడి సంవత్సరమే అయింది. ఇంగ్లండులో రన్‌వేలు వేసిన నల్ల సైనికుని కథ చెప్పడం మాత్రం ఆ చిత్రానికి అవసరమనిపించలేదు. రంగు విషయంలో శ్రద్ధ కాంక్రీటు దగ్గర ఆగిపోయింది.

3

యుద్ధకాలపు విమానాశ్రయం సినిమాకు ఎందుకు పనికివచ్చిందన్న ప్రశ్నకు ఆర్థికమైన జవాబు కూడా ఉన్నది. సమతలమైన విశాలమైన నేల, ఊళ్లకు దూరం, అడ్డంగా చెట్లు లేవు, తీగలు లేవు. హ్యాంగరులో మధ్య స్తంభాలుండవు, కప్పు ఎత్తు. ఏ సెట్టయినా వేసుకోవచ్చు. అన్నిటికంటె ముఖ్యం, అది ప్రభుత్వానిది. వైమానికశాఖకు చిత్రం నచ్చితే విమానాలు, సిబ్బంది, స్థావరం దొరుకుతాయి. నచ్చకపోతే దొరకవు. వందల టన్నుల సామగ్రి కావలసిన యుద్ధచిత్రానికి ఇంతకంటె పెద్ద సెన్సారు అక్కర్లేదు. కత్తెర పెట్టకుండానే ఏ కథ చెప్పవచ్చునో ఏది చెప్పరాదో తేలిపోతుంది.

1950ల బ్రిటిష్ యుద్ధచిత్రాలను ఈ దృష్టితో చూడాలి. 'ది డ్యామ్ బస్టర్స్' 1955లో బ్రిటన్‌లో అన్నిటికంటె ఎక్కువ ఆడిన చిత్రం. మరుసటి సంవత్సరం ఆ స్థానం 'రీచ్ ఫర్ ది స్కై' అనే మరొక వైమానిక చిత్రానికి దక్కింది. అదే 1956లో బ్రిటిష్ ప్రభుత్వం సూయెజ్ మీద దండెత్తి అవమానపడి వెనక్కి వచ్చింది. సామ్రాజ్యం చెయ్యిజారుతున్న పాలకవర్గానికి 1940 నాటి న్యాయమైన యుద్ధం మంచి ఆసరా అయింది. ఆనాడు మనం ఒంటరిగా నిలబడ్డాం, న్యాయం మనవైపున్నది అన్న భావాన్ని తెరమీద మళ్లీ మళ్లీ చూపుతుంటే, ఈనాడు న్యాయం ఎవరివైపు ఉన్నదన్న ప్రశ్న వెనక్కి పోతుంది.

'ది డ్యామ్ బస్టర్స్' చిత్రీకరణకు లింకన్‌షైరులోని స్కాంప్టన్, హెంస్వెల్ స్థావరాలు వాడారు. యుద్ధకాలపు లాంకాస్టర్ విమానాలు నాలుగే దొరికాయి. రన్‌వే నిండుగా కనపడటానికి వెనక వరసలో లింకన్ అనే తర్వాతి రకం విమానాలను నిలబెట్టారు. ఇక్కడే అసలు సంగతి ఉన్నది. లింకన్ బాంబర్లు 1953 – 55 సంవత్సరాల మధ్య కెన్యా అడవుల్లో 'మౌ మౌ' తిరుగుబాటుదార్ల మీద బాంబులు కురిపిస్తున్నాయి. మలయాలోనూ అదే పని చేశాయి. భూమి కోసం పోరాడుతున్న కికుయు రైతుల మీదికి ఎగిరే విమానం, ఫాసిజం మీద పోరాటాన్ని తలపించే చిత్రంలో వెనక వరసలో బొమ్మగా నిలబడింది. దర్శకుడు ఇందులో ఏ వ్యంగ్యమూ ఉద్దేశించలేదు. చరిత్రలోని వ్యంగ్యం ఎవరూ ఉద్దేశించకుండానే ఫ్రేములోకి వచ్చి కూర్చుంటుంది.

ఆ చిత్రం చెప్పనిది మరొకటి ఉంది. 1943 మే 16 – 17 రాత్రి జర్మనీలోని మోనే, ఎడర్ ఆనకట్టలను కొట్టడానికి 133 మంది వెళ్లారు. వారిలో 53 మంది చనిపోయారు, ముగ్గురు పట్టుబడ్డారు. ఈ లెక్క చిత్రంలో ఉంది. తిరిగిరానివారి ఖాళీ గదులను చూపే దృశ్యాలు కదిలించేవిగానే ఉన్నాయి. ఆనకట్ట తెగి వరద లోయలోకి దూకినప్పుడు దాదాపు 1,300 నుంచి 1,600 మంది దాకా చనిపోయారు. వారిలో పెద్దభాగం జర్మన్లు కారు. నాజీలు బలవంతంగా పట్టుకొచ్చి ఫ్యాక్టరీల్లో చాకిరీ చేయిస్తున్న సోవియట్ ప్రజలు, ఇతర దేశాల బందీలు. నైహైం అనే ఊరి దగ్గర శిబిరంలో వందలాది స్త్రీలు, అధికంగా ఉక్రెయిన్, రష్యాల నుంచి తెచ్చినవాళ్లు, నీళ్లలో కొట్టుకుపోయారు. ఫాసిజం చేతిలో బానిసలై, ఫాసిజం మీద వేసిన బాంబుకు బలైన ఈ కార్మిక స్త్రీలను గురించి చిత్రంలో మాటమాత్రం ప్రస్తావన లేదు. రన్‌వే దగ్గర నుంచి చూసే కెమెరాకు వారు కనపడరు. బయలుదేరిన చోటును మాత్రమే చూపే యుద్ధచిత్రం, చేరిన చోటును చూపే బాధ్యత నుంచి తప్పించుకుంటుంది.

యుద్ధంలో ఇటువంటివి తప్పవు కదా అని కొందరు అంటారు. తప్పకపోవచ్చు. తప్పనిదాన్ని చెప్పకపోవడం మాత్రం తప్పించుకోగల పనే.

4

స్పెయిన్‌లోని టబ్లాడా విమానాశ్రయపు కథ ఇంకా స్పష్టమైనది. అది సెవిల్ నగరం పక్కన ఉంది. 1936 జులైలో రిపబ్లిక్ మీద తిరుగుబాటు చేసిన జనరల్ ఫ్రాంకో సైన్యం ఉత్తర ఆఫ్రికాలో చిక్కుపడిపోయింది. నౌకాదళ నావికులు చాలామంది రిపబ్లిక్ పక్షం వహించడంతో సముద్రమార్గం మూసుకుపోయింది. అప్పుడు హిట్లరు పంపిన యుంకర్స్ విమానాలు ఆ సైన్యాన్ని విడతలు విడతలుగా మోసి టబ్లాడాలోనూ ఆ పరిసరాలలోనూ దించాయి. సెవిల్ కార్మికవాడలను నెత్తుటిలో ముంచిన తిరుగుబాటుకు బలం ఆ విధంగా చేరింది. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫాసిస్టుల గెలుపుకు దారి ఆ రన్‌వే మీద నుంచే పోయిందంటే అతిశయోక్తి కాదు. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 26న జర్మన్ కాండర్ దళం గెర్నికా పట్టణాన్ని కాల్చింది. ఆ దళంలో హైంకెల్ బాంబర్లున్నాయి.

ఇక 1968కి రండి. గై హామిల్టన్ దర్శకత్వంలో 'బాటిల్ ఆఫ్ బ్రిటన్' (1969) చిత్రం తీస్తున్నారు. 1940లో హిట్లరు వైమానికదళాన్ని ఇంగ్లండు ఎదుర్కొన్న కథ. జర్మన్ విమానాలు కావాలి. జర్మనీలో అవి మిగలలేదు. స్పెయిన్‌లో ఉన్నాయి. ఫ్రాంకో ప్రభుత్వం జర్మన్ నమూనాల మీద తన దేశంలోనే కట్టించుకున్న హైంకెల్, మెసర్‌ష్మిట్ రకాల విమానాలు అక్కడ అప్పటికీ మిగిలి ఉన్నాయి. చిత్ర నిర్మాతలు ఫ్రాంకో ప్రభుత్వంతో మాట్లాడుకున్నారు. జర్మన్ సేనాని వరసతీరిన బాంబర్లను తనిఖీ చేసే ప్రారంభ దృశ్యాన్ని టబ్లాడాలో తీశారు.

అంటే ఏమయింది? ఫాసిజాన్ని ఓడించిన కథ చెప్పడానికి, ఓడిపోని ఫాసిస్టు దగ్గర విమానాలు అడిగి తెచ్చుకున్నారు. హిట్లరు విమానాలు నిజంగా దిగిన రన్‌వే మీద హిట్లరు విమానాల వేషం వేసిన విమానాలు దిగాయి. ఫ్రాంకో 1975లో చనిపోయేదాకా అధికారంలోనే ఉన్నాడు. ఆ విమానాల పొట్ట విప్పి చూస్తే మరొక విశేషం ఉంది. వాటిలో ఇంజన్లు జర్మన్‌వి కావు. యుద్ధం తర్వాత బ్రిటన్ అమ్మిన రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజన్లు, స్పిట్‌ఫైర్ విమానాన్ని ఎగురవేసిన అదే జాతి ఇంజన్లు. 1940లో ఫాసిజం మీదికి ఎగిరిన ఇంజను 1950లలో ఫాసిస్టు నియంతకు సరకుగా అమ్ముడుపోయింది. పెట్టుబడి తన జ్ఞాపకశక్తిని ఖాతాపుస్తకాల్లో తప్ప మరెక్కడా ఉంచుకోదు.

ఇంగ్లండులో ఆ చిత్రానికి వాడిన స్థావరాలలో డక్స్‌ఫర్డ్ ఒకటి. మొదటి ప్రపంచయుద్ధకాలం నాటి పాత హ్యాంగరొకదాన్ని చిత్రం కోసం అక్కడ నిజంగానే పేల్చివేశారు. రెండు యుద్ధాలను తట్టుకుని నిలిచిన కట్టడం యుద్ధాన్ని నటించేటప్పుడు కూలింది. ఆ స్థావరమే తర్వాత యుద్ధ మ్యూజియమయింది.

5

ఇప్పుడు మన దేశానికి రండి. 1942లో బర్మా జపాను వశమయ్యాక తూర్పు భారతం యుద్ధరంగానికి ఆనుకున్న ప్రాంతమైంది. బెంగాలు, బీహారు, అస్సాములలో విమానాశ్రయాలు లేచాయి. ఇక్కడా రైతుల భూమి తీసుకున్నారు. ఇంగ్లండుకూ ఇక్కడికీ తేడా ఏమిటంటే, ఇంగ్లండు రైతుకు తన ప్రభుత్వం మీద ఓటుంది. బెంగాలు రైతుకు లేదు. అతన్ని అడక్కుండా అతని దేశాన్ని యుద్ధంలోకి దింపారు, అతన్ని అడక్కుండా అతని పొలాన్ని తీసుకున్నారు. శత్రువు చేతికి చిక్కకూడదని తీరప్రాంతంలో వరినిల్వలను తరలించారు, వేల పడవలను పట్టుకున్నారు, పగలగొట్టారు. పడవ పోతే చేపలు పట్టేవాడికి కూడు పోతుంది. సైనిక నిర్మాణాల మీద కుమ్మరించిన డబ్బు ధరలను ఆకాశానికెత్తింది. 1943 కరువు వచ్చింది. ప్రభుత్వ విచారణ సంఘమే 15 లక్షల మంది చనిపోయారని ఒప్పుకున్నది. తర్వాతి పరిశోధకుల అంచనాలు 30 లక్షల దాకా పోతాయి.

మిడ్నపూరు ప్రాంతంలోనూ ఆ పక్కనా ఖరగ్‌పూర్, చాకులియా, పియర్‌డోబా, దూధ్‌కుండీ స్థావరాల రన్‌వేలను 1944లో అమెరికా బి – 29 బాంబర్ల కోసం పొడిగించారు. ఆ విమానాలు ఇక్కడి నుంచి హిమాలయాలు దాటి చైనాలో చెంగ్డు చుట్టుపట్ల స్థావరాలకు పోయి, అక్కడి నుంచి జపాను మీదికి పోయేవి. చెంగ్డు స్థావరాలను లక్షలాది చైనా రైతులు చేతులతో రాళ్లు కొట్టి, మనుషులే రోలర్లు లాగి తయారుచేశారు. ఖరగ్‌పూర్‌లో అమెరికా దళపు ప్రధాన కార్యాలయం ఏ భవనంలో పెట్టారో తెలుసా? హిజ్లీ నిర్బంధ శిబిరంలో. 1931 సెప్టెంబరు 16న రాజకీయ ఖైదీల మీద కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తాలను చంపిన శిబిరం అది. మన స్వాతంత్ర్యయోధులను బంధించిన గోడల మధ్య ప్రపంచ స్వేచ్ఛ కోసమని యుద్ధపు పటాలు పరిచారు. 1951లో ఖరగ్‌పూర్ సాంకేతిక విద్యాసంస్థ మొదలైనదీ ఆ భవనంలోనే.

ఈ నేల మీదికి కెమెరా తెచ్చిన కళాకారుడు ఋత్విక్ ఘటక్. 1925లో ఢాకాలో పుట్టి, దేశవిభజనతో సొంత ఊరు పరాయి దేశమైనవాడు, ప్రజానాట్యసంఘంలో పనిచేసినవాడు. అతని 'సువర్ణరేఖ' చిత్రం 1962లో పూర్తయింది, 1965లో గాని విడుదల కాలేదు. తూర్పు బెంగాలు నుంచి వచ్చిన ఈశ్వర్ అనే శరణార్థి తన చిన్న చెల్లెలు సీతతో కలకత్తాలో ఒక శరణార్థుల కాలనీలో ఉంటాడు. తల్లి నుంచి విడిపోయిన అభిరాం అనే నిమ్నకులపు పిల్లవాణ్ణి చేరదీస్తాడు. సువర్ణరేఖ నది ఒడ్డున ఉద్యోగం దొరికితే, కాలనీని వదిలి ఇద్దరు పిల్లలతో వెళ్లిపోతాడు. కాలనీలో మిత్రుడు హరప్రసాద్ అతన్ని పిరికివాడని నిందిస్తాడు. పిల్లలు పెరిగి ప్రేమించుకుంటే అభిరాం కులం ఈశ్వర్‌కు అడ్డువస్తుంది. ఆ తర్వాత కథ ఎంత విషాదంలోకి పోతుందో చిత్రం చూసినవారికి తెలుసు.

ఆ చిత్రంలో నది సమీపంలో యుద్ధకాలపు విమానాశ్రయం ఒకటి పాడుబడి ఉంటుంది. సీతా అభిరాం ఆ రన్‌వే మీద, విరిగిన విమానం శిథిలాల మధ్య ఆడుకుంటారు. వారి లోకానికి అది ఉచితంగా దొరికిన ఆటస్థలం. సీత రవీంద్రుని పాట పాడుతుంది. వరిచేలలో ఎండా నీడా దాగుడుమూతలాడటాన్ని గురించిన పాట అది. ఆ కాంక్రీటు కింద ఉన్నది ఎవరిదో వరిచేనే కావచ్చునని ఆ పిల్లకు తెలియదు. ఆ రన్‌వే మీదనే ఒకనాడు హఠాత్తుగా కాళికాదేవి ఎదురవుతుంది. సీత కెవ్వున కేక వేస్తుంది. నిజానికి అతను పొట్టకోసం వేషాలు వేసుకుని ఊళ్లు తిరిగే బహురూపి, మన పగటివేషగాడి వంటివాడు. పాప భయపడినందుకు అతనే నొచ్చుకుంటాడు.

ఈ దృశ్యాన్ని గురించి విమర్శకులు చాలా రాశారు. కాళి సంహారశక్తికి చిహ్నమనీ, ఆదిమ మాతృరూపమనీ వ్యాఖ్యానాలున్నాయి. వాటిని కాదనవలసిన పని లేదు. కాని ఆ కాళి గుడిలోనో శ్మశానంలోనో కనపడలేదు, బాంబర్లు ఎగిరిన రన్‌వే మీద కనపడింది. ఈ విషయాన్ని వదిలివేస్తే వ్యాఖ్యానం గాలిలో తేలిపోతుంది. యుద్ధం కరువును తెచ్చింది. కరువు తర్వాత మతకలహాలు, మతకలహాల తర్వాత దేశవిభజన వచ్చాయి. విభజన ఈ ఇద్దరు పిల్లలనూ ఇల్లు లేనివాళ్లను చేసింది. వారి దుస్థితికి మొదటి కారణాలలో ఒకటి కాంక్రీటు రూపంలో కాళ్లకింద ఉన్నది; వారు దానిమీద గంతులు వేస్తున్నారు. సంహారదేవత ఎదురుకావడానికి అంతకంటె తగిన చోటు లేదు. ఆ దేవత వేషం కింద ఉన్నవాడు ఒక బీదవాడు కావడం ఘటక్ దృష్టిలోని గొప్ప వాస్తవికత.

హరప్రసాద్ పాత్ర వేసినది బిజన్ భట్టాచార్య. 1944లో బెంగాలు కరువు మీద ప్రజానాట్యసంఘం ప్రదర్శించిన 'నవాన్న' నాటకం రాసినవాడు. కరువును నాటకంగా రాసిన మనిషిని, ఆశ చచ్చిన శరణార్థి పాత్రలో చూపడం ద్వారా ఘటక్ రెండు దశాబ్దాల ఉద్యమ చరిత్రను కూడా తెరమీదికి తెచ్చాడు. మనం ఏమనుకున్నాం, ఏమయింది అన్న ప్రశ్న ఆ ముఖంలో ఉంటుంది. ఆ ప్రశ్న అభ్యుదయ శిబిరంలోని వారికి సుఖకరమైనది కాదు. అందువల్లనే అది విలువైనది.

ఇంగ్లీషు చిత్రాలకూ దీనికీ భేదం ఇక్కడ తేటపడుతుంది. వాటిలో విమానాశ్రయం గతంలోకి తలుపు. మాజీ అధికారి దానిలో నుంచి తన యవ్వనంలోకి, కీర్తిలోకి వెళతాడు. 'సువర్ణరేఖ'లో వెనక్కి తలుపు లేదు. ఆ పిల్లలకు అక్కడ తలుచుకోవలసిన కీర్తి ఏదీ లేదు. యుద్ధం వారిని అడిగి రాలేదు, వారికి చెప్పి పోలేదు. సామ్రాజ్యపు కేంద్రంలో జ్ఞాపకచిహ్నమైన వస్తువు వలసదేశంలో శిథిలంగానే ఉంటుంది. ప్రతిభ విషయంలో అస్క్విత్, కింగ్‌లు తక్కువవారని నేననను. వారు రన్‌వే మీద నుంచి ఆకాశంలోకి చూశారు. ఘటక్ కింద ఉన్న నేలను చూశాడు.

6

ఇంగ్లండు విమానాశ్రయాల కథకు మరొక అధ్యాయం చేరింది. లండన్ సమీపంలో లీవ్స్‌డెన్ విమానాశ్రయాన్ని యుద్ధకాలంలో విమానాల తయారీకి కట్టారు. మస్కిటో యుద్ధవిమానాలు అక్కడ తయారయ్యాయి. లండన్ రవాణాసంస్థ తదితరులు కలిసి నడిపిన బృందం 700కు పైగా హాలిఫాక్స్ బాంబర్లను అక్కడ కూర్చింది. ఆ పనివారిలో యుద్ధానికి ముందు ఫ్యాక్టరీ మొహం చూడని స్త్రీలు ఎందరో ఉన్నారు. తర్వాత అదే చోట రోల్స్‌రాయిస్ కంపెనీ ఇంజన్ల కర్మాగారం నడిచింది. 1990ల మొదట్లో అది మూతపడింది. ఖాళీ అయిన ఆ షెడ్లలో 1995 నాటి జేమ్స్ బాండ్ చిత్రం 'గోల్డెన్ ఐ' తీశారు. 2000 నుంచి పదేళ్లపాటు 'హారీ పాటర్' చిత్రాలు అక్కడే తయారయ్యాయి. 2010లో వార్నర్ బ్రదర్స్ కంపెనీ ఆ స్థలాన్ని కొనుక్కున్నది. 2012 నుంచి టిక్కెట్టు పెట్టి సందర్శకులకు చూపుతున్నది. మస్కిటో విమానాలు కట్టిన హాట్‌ఫీల్డ్ విమానాశ్రయం కూడా 1990ల మొదట్లో మూతపడింది. దాని నేలమీద 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' (1998) చిత్రానికి కావలసిన శిథిలమైన ఫ్రెంచి ఊరిని కట్టారు.

ఒక దేశపు పారిశ్రామిక చరిత్ర ఇందులో ఇమిడి ఉన్నది. పొలం కర్మాగారమైంది, కర్మాగారం సినిమా సెట్టయింది. వేలమంది యంత్రకార్మికుల నైపుణ్యం అక్కర్లేనిదై, ఆ స్థానంలో కలలు తయారుచేసే పరిశ్రమ వచ్చింది. ఆ పరిశ్రమలోనూ వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు, కుట్టుపనివాళ్లు కష్టపడుతున్నారు. వారిని తక్కువ చేసి మాట్లాడకూడదు. అయితే అసలు యుద్ధవిమానాలు కట్టిన కార్మికుల మీద గోడలు మూసుకుని, కల్పిత యుద్ధాల మీద దీపాలు వెలగడం మన కాలపు లక్షణాన్ని చెబుతున్నది.

మనకు ఈ విషయంతో పనేమిటని అడగవచ్చు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ యుద్ధం మన తీరానికీ వచ్చింది. తాడేపల్లిగూడెంలో, దొనకొండలో యుద్ధకాలపు విమానాశ్రయాల నేలలు నేటికీ ఉన్నాయి. ఆ భూములను గురించి పత్రికల్లో అప్పుడప్పుడూ చర్చ వస్తుంది. కొత్త విమానాశ్రయం వస్తుందా, పరిశ్రమ వస్తుందా అన్నంతవరకే. అవి ఎవరి పొలాలు, పరిహారం ఎంత ముట్టింది, రాళ్లు మోసినది ఏ ఊరి కూలీలు, రోజుకు ఎంత ఇచ్చారు అన్న సంగతులు మన సాహిత్యంలోకి రాలేదు, మన సినిమాలోకి అసలే రాలేదు.

ఆనాడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవారిలో మిగిలినవారిప్పుడు తొంభై దాటినవాళ్లు. వారి తర్వాత సాక్ష్యం చెప్పేవాళ్లుండరు. రెవిన్యూ రికార్డులు, పాత అడంగళ్లు ఉన్నాయి. వాటిని తిరగేయడానికి పెద్ద పరిశోధన గ్రాంట్లు అక్కర్లేదు. ఆ చుట్టుపట్ల కళాశాలల్లో తెలుగు, చరిత్ర చెప్పే ఉపాధ్యాయులు ఒక్కొక్క ఊరికి నలుగురు విద్యార్థులను పంపి, ముసలివాళ్ల మాటలను రాయించి పెట్టవచ్చు. ఈ పని వచ్చే సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు. కథకులకూ సినిమా తీసేవారికీ ఆ మీదట కావలసినంత వస్తువు దొరుకుతుంది.